పిన్ని అడిగిన గౌను

జూన్ 3, సోమవారం

ఈయన్ని ఇంటికి తీసుకొచ్చాం. మూడంతస్తులు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోశారు. రెండో అంతస్తు మలుపులో కుర్చీ గోడకి తగిలి ఆగిపోతే, "ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసినవాణ్ణి, చివరికి నాకు దొరికిన లిఫ్టు ఇదా" అన్నారు. మోసేవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక చేతిలో ఎక్స్‌రేలు, ఇంకో చేతిలో మందుల సంచి, చంకలో ఆయన చెప్పులు.

డాక్టరు తేల్చి చెప్పేశాడు. తుంటి అతుక్కుంటుంది గానీ ఇక మెట్లెక్కే మాట మర్చిపోండి అన్నాడు. కింద వాటా చూసుకోండి అన్నాడు, అదేదో చొక్కా మార్చుకున్నంత సులువైనట్టు. పక్క వీధిలో రెండు గదుల ఇల్లు ఖాళీగా ఉంది. కింది అంతస్తే. అటక లేదు. వచ్చే నెల ఏడో తారీకున దిగుతామని చెప్పి వచ్చాను.

అటక లేదు. అసలు సంగతి అదే.

ఈయన పడింది అటక దగ్గరే. అన్నయ్య పెట్టిపోయిన టైపు మిషను పక్కకి జరపబోయి, స్టూలు జారింది. ఆ మిషను అక్కడ పెట్టి పద్దెనిమిదేళ్ళు. మా వాళ్ళలో ఎవరింట్లో చోటు చాలకపోయినా ఆ వస్తువు మా అటకెక్కుతుంది. "నువ్వైతే భద్రంగా దాస్తావే" అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ మాటకి నేను పడిపోతున్నాను. ఈసారి ఈయన పడ్డారు.

జూన్ 4

అందరికీ ఫోన్లు చేయాలి. చేయలేదు.

జూన్ 6, గురువారం

అన్నయ్యకి చేశాను.

"ఇల్లు మారుతున్నాం అన్నయ్యా. టైపు మిషను పట్టుకెళ్ళు."

"అది నాన్నదే! దాని మీద అర్జీలు కొట్టే కదా మన ముగ్గుర్నీ చదివించాడు." గొంతు కాస్త బొంగురుపోయింది కూడా.

"అందుకే పట్టుకెళ్ళమంటున్నా."

"మా ఇంట్లో ఎక్కడ పెట్టను? మీ వదిన ఊరుకుంటుందా?"

"అయితే పాత సామాన్లవాడికి వేసేస్తాను."

"ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందే!"

ఫోను పెట్టేసేముందు గుర్తొచ్చి, బావ తుంటి ఎలా ఉందని అడిగాడు.

చెల్లికి చేశాను. దాని రెండు ట్రంకుల్లో ఏమున్నాయో దానికే గుర్తు లేదు. "తెరిచి చూడక్కా, పనికొచ్చేవి ఉంచు" అంది. పనికిరానివో అన్నాను. "అవీ ఉంచు. జ్ఞాపకాలు కదా." కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కప్పా నేనే, పామూ నేనే అయినట్టుంది.

నేను పనిచేసే ఆసుపత్రిలోనే నయం. దుప్పట్లు, గలేబులు ఉంచే లినెన్ రూములో నా పని తేలిక. దుప్పటిని కిటికీ వెలుతురుకి పట్టుకుంటాను. అవతల నా వేళ్ళు కనబడితే "రద్దు" ముద్ర కొడతాను. చిన్న చిరుగైతే కుట్టు మాస్టారి మిషను మీదికి, పెద్దదైతే నేల తుడిచే గుడ్డల్లోకి. ఇవాళ అరవై మూడు రద్దు చేశాను. ఒక్క దుప్పటి తాలూకు వాళ్ళు కూడా ఫోను చేసి ఏడవలేదు.

జూన్ 9, ఆదివారం

ఎదురింటి పెయింటరు నిచ్చెన తెచ్చి అటక మీదివన్నీ దించిపెట్టాడు. ఈయన మంచం మీంచే కాగితం, పెన్ను పట్టుకుని ఏది ఎవరిదో రాశారు. ఆఫీసులో కూర్చున్నంత దర్జాగా.

తాతయ్య కళ్ళజోళ్ళు మూడు. మూడిట్లో ఒకటి తాతయ్యది కాదు. ఎవరిదో తెలీదు, అయినా దాచాం. అమ్మమ్మ చేతికర్ర. పెదనాన్న గొడుగు, గుడ్డ పోయి ఊచలే మిగిలాయి. చెల్లికి కాలేజీలో పరుగు పందెంలో వచ్చిన కప్పు, అందులో బల్లి గుడ్ల పెంకులు. మేనత్త టీ సెట్టు. సాసర్లు ఆరు, కప్పులు రెండు.

"మిగతా నాలుగు కప్పులేవోయ్?"

"అత్తయ్యే పగలగొట్టింది. మావయ్య మీదికి విసిరి."

"మరి దాచుకోవాల్సింది ఆ పెంకులు కదా. కాపురం తాలూకు ఆధారాలు."

ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజులకి. నవ్వాక నడుం నొప్పి తెలిసింది.

ఎడమ మూల ఇంకా కొన్ని చిన్న డబ్బాలున్నాయి మేడమ్, దించమంటారా అని పెయింటరు అడిగాడు. చాల్లే, మళ్ళీ చూద్దాం అన్నాను.

జూన్ 10, సోమవారం

పిన్ని ఫోను చేసింది.

అమ్మకి చెల్లెలు. డెబ్బై ఒకటి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఇప్పటికీ ఆవిడ "హలో" అంటే మనల్ని ఎవరికో కలపబోతున్నట్టే ఉంటుంది.

"ఇల్లు మారుతున్నారట. మీ అన్నయ్య చెప్పాడు. నాది ఒకటుంది నీ దగ్గర."

నాకు తెలుసు. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుందనీ తెలుసు.

"నీలం బిస్కెట్ల డబ్బా" అంది.

"ఉంది పిన్నీ."

"మీ బాబాయి ఉన్నన్నాళ్ళూ ఇంట్లో పెట్టుకోలేకపోయాను. కంటపడితే మళ్ళీ తిండి మానేసేవాడు. ఆయన పోయి సంవత్సరం దాటింది. ఇక ఇంట్లో నేనొక్కదాన్నే. నేను తీసి చూసుకుంటే ఎవరికి నొప్పి? ఇరవై మూడు ఆదివారం వస్తాను. భద్రంగానే ఉంది కదా?"

"భద్రంగా ఉంది పిన్నీ."

డబ్బాలో ఉండాల్సింది ఒక గౌను. పిన్ని తన చేత్తో కుట్టింది. తెల్లటి పల్చటి గుడ్డ, మెడ చుట్టూ పసుపు దారంతో చిన్న చిన్న పువ్వులు. పిన్ని బిడ్డది. నాలుగు నెలలు బతికింది ఆ బిడ్డ, చివరిదాకా పిడికెడంతే ఉండేది. నలభై అయిదేళ్ళయింది. నాకప్పుడు తొమ్మిది. ఎత్తుకుంటానని మారాం చేస్తే నన్ను గోడకి ఆనించి కూర్చోబెట్టి ఒళ్ళో పెట్టారు. ఆ తర్వాత పిన్నికి పిల్లలు కలగలేదు. నేనీ ఇంట్లోకి వచ్చిన మరుసటి ఏడు ఆ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వైతే భద్రంగా దాస్తావు" అంది, అందరిలాగే.

జూన్ 11

డబ్బా కనిపించలేదు. ఎక్కడో ఉంటుంది.

జూన్ 13, గురువారం

డబ్బా దొరికింది. గౌనుని పురుగు కొట్టేసింది. ముట్టుకుంటే పొడి. ఇన్నేళ్ళకి గుడ్డ నిలుస్తుందా? పిన్నికి అదే చెబుతాను. ఎవరి తప్పూ లేదు.

జూన్ 14, శుక్రవారం

పురుగు కొట్టలేదు.

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులోనూ అబద్ధమే రాశాను. నిన్నటి పేజీ చించేద్దామనుకుని ఊరుకున్నాను. ఉండనీ.

డబ్బా ఎప్పుడూ పోలేదు. అటక మీద ఎడమ మూల ఉంది. ఇరవై ఆరేళ్ళుగా ఖాళీగా ఉంది. లోపల పాత పేపరు ముక్క, బఠాణీ గింజంతకి అరిగిపోయిన నాఫ్తలీను ఉండ. అంతే.

మా అమ్మాయి చిట్టి ఏడో నెలలో పుట్టింది. కిలోన్నర. ఆసుపత్రిలో గాజు పెట్టెలో అయిదు వారాలు ఉంచి ఇంటికి పంపారు. అందరూ బట్టలిచ్చారు. ఏది వేసినా మెడలోంచి జారి నడుం దగ్గరికి వచ్చేది. అప్పుడు ముసురు. వారం రోజులు తెరిపి లేదు. ఒక పొద్దున ఇంట్లో ఒక్క పొడి గుడ్డ లేదు. పిల్ల పెదాలు నల్లబడుతున్నాయి. ఈయన డ్యూటీకి వెళ్ళిపోయారు. అటకెక్కి డబ్బా దించాను.

ఒక్క పూటకి అనుకున్నాను.

కొలిచి కుట్టినట్టు సరిపోయింది. పోయిన బిడ్డ గౌను అని ఒళ్ళు జలదరించింది. కానీ చిట్టి వణుకు ఆగింది. సాయంత్రం ఉతికి ఆరేశాను. మర్నాడు మళ్ళీ వేశాను. ఈయన చూసి, "ఇది పిన్నిది కాదూ" అన్నారు. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. మూడు నెలలు అదే వేశాను. పాత గుడ్డ, రోజూ ఉతుకు. ముందు కుచ్చుల దగ్గర పిగిలింది, తర్వాత వీపు మీద. ఇక వేయడానికి పనికిరాకపోతే దాంతోనే చిట్టి మూతి తుడిచాను.

ఆ తర్వాత ఏమైందో తెలీదు. ఎప్పుడు పారేశానో గుర్తు లేదు. ఆసుపత్రిలో ఏ దుప్పటి ఏ నెలలో రద్దు చేశానో పుస్తకం చూడకుండా చెప్పగలను. ఆ గౌను ఎప్పుడు పోయిందో మాత్రం గుర్తు లేదు. ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు.

ఫోటో తీయనివ్వలేదు. ఈయన కెమెరా తెచ్చినప్పుడల్లా గౌను మార్చేసేదాన్ని. ఎప్పుడైనా పిన్ని ఆల్బం తిరగేస్తుందని.

పిన్ని మా ఇంటికి వచ్చినప్పుడల్లా చూపు ఒక్కసారి అటకవైపు వెళ్ళేది. ఏమీ అడిగేది కాదు. నేను తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని.

జూన్ 15, శనివారం

ఈయనతో అన్నాను, పిన్నికి చెప్పేద్దామా అని.

"ఇరవై ఆరేళ్ళు నోరు మూసుకున్నాం. ఇప్పుడు తెరిస్తే ఆవిడకి ఒరిగేదేముంది?"

"మరి డబ్బా తెరిస్తే?"

గోడవైపు తిరిగారు. తుంటి కదలనివాడు మొహమైనా తిప్పుకోగలడు.

కాసేపయ్యాక గోడతోనే అన్నారు: "నేనూ వద్దనలేదు కదా అప్పుడు. నువ్వొక్కదానివే చేశావని అనుకోకు."

అనుకోను. అయినా ఇరవై మూడో తారీకున తలుపు తీయాల్సింది నేనే.

జూన్ 17, సోమవారం

లినెన్ రూములో మిషను మీద మాస్టారు ఉంటారు. ముప్పై ఏళ్ళుగా చిరిగినవన్నీ అతుకుతున్నారు. వచ్చే ఏడు రిటైరవుతారు. ఆయన అతుకేసిన చోటు వెతికినా దొరకదు.

పిల్లల వార్డు నుంచి వచ్చిన పాత దిండు గలేబు ఒకటి తీశాను. ఎన్ని వందల ఉతుకులు తిన్నదో, వేళ్ళ మధ్య మీగడలా జారింది. కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. మెడ, కుచ్చులు, పువ్వులు.

"ఎవరికమ్మా? ఇంత చిన్నది, బొమ్మకా?"

"కాదు మాస్టారూ. మనిషికే."

"అబ్బ. ఎంత మనిషి!"

"మిషను మీద వద్దు, చేత్తో కుట్టాలి. కొత్తగా కనబడకూడదు" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. సొరుగు అడుగున వెతికి, రంగు వెలిసిన పసుపు దారం రీలు ఒకటి తీశారు. అది చూసి నాకు మాస్టారి కాళ్ళ మీద పడాలనిపించింది, ఆయన్ని తిట్టాలనీ అనిపించింది.

జూన్ 19, బుధవారం

కుట్టిచ్చారు. సర్జరీ వార్డు దుప్పట్లతో కలిపి ఎనిమిదిసార్లు ఉతికించాను. ఇంటికి తెచ్చి టీ నీళ్ళలో ముంచి తీశాను. ముప్పై ఏళ్ళుగా మరకలు వదిలించే ఉద్యోగం నాది. ఇవాళ మరకలు వేశాను.

జూన్ 21

మడతపెట్టి డబ్బాలో పెట్టాను. ఇలాగే ఉండేది.

నిజంగా ఇలాగే ఉండేది.

జూన్ 23, ఆదివారం

పిన్ని వచ్చింది. బస్సు దిగి, మూడంతస్తులూ ఎక్కి. అంతస్తుకొకసారి ఆగిన చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. ఎదురెళ్ళలేదు.

ఈయన్ని చూడగానే, "ఏమయ్యా అల్లుడూ, అటక మీంచి దూకావట! పిల్లలు దొంగతనంగా తినేవి ఏమైనా దాచారా పైన?" అంది. ఆయన నవ్వబోయి దగ్గారు.

టీ తాగింది. చేసంచీలోంచి ఇంకో గుడ్డ సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఉతికి, ఇస్త్రీ చేసిన సంచి. డబ్బా పట్టుకెళ్ళడానికి. ఆ ఇస్త్రీ మడతలు చూడలేక డబ్బా తేవడానికి లేచాను.

డబ్బా ఇచ్చాను. మూత బిగుసుకుంది, వేళ్ళతో చుట్టూ కొట్టి తీసింది. గౌనుని వెంటనే ముట్టుకోలేదు. చేతి రుమాలుతో రెండు చేతులూ తుడుచుకుంది. అప్పుడు తీసి మోకాళ్ళ మీద పరిచింది. మెడ చుట్టూ పువ్వుల మీద వేలు నడిపింది. తర్వాత గౌనుని తిరగేసి లోపలివైపు చూసింది. చాలాసేపు చూసింది.

"బాగుంది. ఎవరు కుట్టారు?"

"నువ్వే కదా పిన్నీ..."

"నాది ఎడమచేతి వాటం. నా కుట్లు ఇటు వాలతాయి. ఇవి అటు వాలాయి." గొంతులో కోపం లేదు. "మంచి చెయ్యి. ఎవరిదే?"

ఈయన కళ్ళు మూసుకున్నారు. నిద్రపోతున్నట్టు.

చెప్పేశాను. ముసురు దగ్గర్నుంచి మొదలుపెట్టి, మాస్టారి దాకా. ఎక్కడా ఆపలేదు ఆవిడ. మూతి తుడిచాననే మాట దగ్గర మాత్రం గౌను మీద కదులుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆ మాట చెప్పకపోయినా సరిపోయేది. ఎందుకు చెప్పానో నాకే తెలీదు.

"చిట్టికి వేశావు" అంది.

"ఊ."

"నాకు ఒక్క మాట చెప్పకుండా."

"అడిగితే ఇస్తావో ఇవ్వవో అని..."

"ఇచ్చేదాన్ని కాదు."

గౌనుని మడతపెట్టింది. నాలుగు మడతలు, అంచుకి అంచు కలిపి. డబ్బాలో పెట్టి మూత వేసింది. డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఇస్త్రీ సంచిని మళ్ళీ చేసంచీలో పెట్టుకుంది.

"నీదే. ఉంచుకో."

వెనకాలే వెళ్ళబోయాను. మెట్ల దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది. "రావద్దు. మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగుతాను. మాట్లాడిస్తే తప్పుతుంది."

కిందిదాకా చెప్పుల చప్పుడు విన్నాను. తిట్టలేదు. చెంప మీద ఒకటి కొట్టినా సరిపోయేది.

జూన్ 24

నాలుగు వందల పన్నెండు దుప్పట్లు వచ్చాయి. నాలుగు వందల పన్నెండు వెళ్ళాయి.

జూన్ 26

పిన్ని ఫోను ఎత్తలేదు.

జూన్ 27

ఎత్తలేదు.

జూన్ 28, శుక్రవారం

అన్నయ్య చేశాడు, నాన్న మిషను ఏం చేశావని.

"ఆదివారం లోపు వచ్చి పట్టుకెళ్ళు. లేకపోతే వీధిలో పెడతాను."

"ఏమైందే నీకు? ఎప్పుడూ ఇలా మాట్లాడవే!"

"అలిసిపోయాను అన్నయ్యా."

ఈ మాట మా వాళ్ళలో ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. అన్నాక నాకే కొత్తగా వినిపించింది. సరే వస్తాలే అన్నాడు, నెమ్మదిగా.

జూన్ 30, ఆదివారం

అన్నయ్య వచ్చాడు. మిషను భుజానికెత్తుకుని దిగాడు. ఎంతకీ వీధిలో కనబడకపోతే తొంగి చూశాను. రెండో అంతస్తు మెట్టు మీద కూర్చుని, మిషను ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మీటా నొక్కి చూస్తున్నాడు. పలకరించకుండా లోపలికొచ్చేశాను.

మధ్యాహ్నం చిట్టి దిగింది. సామాను కట్టడానికి వారం సెలవు పెట్టిందట. రోడ్లు కొలిచే ఉద్యోగం దానిది. పొద్దస్తమానం ఎండలో ఉండి మొహం మాడిపోయింది, చేతులు మాత్రం ఉక్కు. వచ్చీ రాగానే నన్ను కూర్చోమని, బీరువా సర్దడం మొదలుపెట్టింది. డబ్బా దాని చేతికి దొరికింది.

"ఇది ఎవరిదమ్మా? భలే ఉంది!"

దానికీ చెప్పాను. వారంలో రెండోసారి. రెండోసారి తేలికవుతుందనుకున్నాను.

చిట్టి వెళ్ళి ఆల్బములన్నీ ముందేసుకుంది. ఒక్కో పేజీ తిప్పింది. అన్నీ అయ్యాక అడిగింది:

"నేను అది వేసుకున్న ఫోటో ఒక్కటి కూడా లేదా?"

"లేదు."

"చిన్నమ్మమ్మ చూస్తుందని తీయలేదా?"

"ఊ."

"ఆవిడకి చూపించడానికి ఇప్పుడు అదన్నా ఉండేది" అంది.

వాళ్ళ నాన్నకి తల రుద్దడానికి నీళ్ళు కాచుకుంది.

జూలై 3, బుధవారం

రెండింటికి లినెన్ రూములో ఫోను మోగింది. ఏ వార్డో అనుకుని ఎత్తాను.

"హలో." ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. "ఎన్ని రోజులు వేశావు దానికి?"

"మూడు నెలలు పిన్నీ. అటూ ఇటుగా."

"రోజూనా?"

"దాదాపు రోజూ."

లైను తెగిందనుకున్నాను.

"మా బుజ్జిది పదకొండు రోజులే వేసుకుంది" అంది.

దుప్పట్ల దొంతర మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను.

"పాలు కక్కేదా దాని మీద?"

"కక్కేది."

"మరక పోయేదా?"

"పోయేది కాదు. ముసురు తగ్గాక ఎండలో వేస్తే కాస్త వెలిసింది."

"నేనెంత రుద్దినా పోలేదు. చంకల్లో బిగుతుగా లేదూ?"

"ఉండేది, కాస్త ఒళ్ళొచ్చాక. ఒరుసుకుని ఎర్రబడితే కుట్టు విప్పి వదులు చేశాను."

"ఎంత విప్పావు?"

"వేలెడు."

"రెండువైపులా?"

"రెండువైపులా పిన్నీ."

"నేనూ చూశాను ఆ ఎరుపు. ఆదివారం సెలవు కదా, కూర్చుని విప్పుదాంలే అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం పాలు పట్టి పడుకోబెట్టాను. మళ్ళీ లేవలేదు." గొంతు మామూలుగానే ఉంది, నంబర్లు చదువుతున్నట్టు. "ఆ ఎరుపుతోనే పంపించేశాను."

మాస్టారు మిషను ఆపేశారు. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

"నువ్వు విప్పావు కదా" అంది పిన్ని. "సరే." పెట్టేసింది.

జూలై 5

మాస్టారు కుట్టిన గౌనుని నెలలు నిండని పిల్లల వార్డులో ఇచ్చేశాను. సిస్టరు చేత్తో కొలిచి చూసి, సరిపోయేవాళ్ళు ముగ్గురున్నారంది. ముందు ఎవరికి వేస్తారో అడగలేదు.

చెల్లి ట్రంకులు దానింటికి పంపేశాను. తెరవకుండానే. అలిగిందట. అలగనీ.

జూలై 7, ఆదివారం

కొత్త ఇంట్లో రాస్తున్నాను. ఈయన వీధి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని, వచ్చేపోయేవాళ్ళందరికీ మేం ఎక్కడ్నుంచి వచ్చామో చెబుతున్నారు.

పొద్దున్నుంచీ చిట్టి, పెయింటరు మోశారు. బీరువా, మంచాలు అన్నీ. అమ్మమ్మ చేతికర్ర ఈయనకి పనికొచ్చింది. మిగతావి చాలా వరకు పాత సామాన్లవాడు తీసుకెళ్ళాడు. ఎవరికీ ఫోను చేసి అడగలేదు. చేతులు తేలికయ్యాయని రాయాలని ఉంది. కాలేదు. బాగా నొప్పిగా ఉన్నాయి.

పన్నెండున్నరకి గుమ్మంలో పిన్ని. ఎవరూ పిలవలేదు. చేతిలో అదే చేసంచీ.

"మెట్లు లేవు కదా, వచ్చాను" అంది.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. "చిట్టి ఏది?"

చిట్టి లోపలి గదిలో నిద్రపోతోంది. పరుపు ఇంకా విప్పలేదు. వట్టి నేల మీద, బట్టల మూట తలకింద పెట్టుకుని, బూట్లు కూడా విప్పకుండా, వెల్లకిలా. నోరు కాస్త తెరుచుకుంది. అంత మనిషీ గది అంతా ఆక్రమించింది.

భోజనానికి లేపుదామని నేను వంగబోతే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"లేపకు."

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు పిన్నీ."

"పడుకోనీ అంటున్నానా."

ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కొచ్చి చిట్టి పక్కన వేసుకుంది. చేసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను గిన్నెలు సర్దాను. అద్దం తగిలించాను. మందులు ఒక సొరుగులో పెట్టాను. వచ్చినప్పుడల్లా చూస్తున్నాను, పిన్ని అలాగే ఉంది. చిట్టి మొహం చూడటం లేదు. గుండెల మీద చొక్కా పైకి లేవడం, దిగడం చూస్తోంది. ఒకసారి చిట్టి ఊపిరి ఎక్కడో చిక్కుకున్నట్టయి ఒక క్షణం ఆగింది. పిన్ని కుర్చీలోంచి సగం లేచింది. మళ్ళీ ఊపిరి అందుకుంది. పిన్ని కూర్చుంది.

మంచినీళ్ళిస్తే తాగలేదు. భోజనానికి రమ్మంటే చెయ్యి ఊపింది.

అయిదవుతుండగా చిట్టి కదిలింది. కళ్ళు నులుముకుని, ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి గాభరాగా లేచి కూర్చుంది.

"చిన్నమ్మమ్మా! ఎప్పుడొచ్చావు? అయ్యో, ఎంతసేపు పడుకున్నాను?"

"ఎంతసేపైతేనేం" అంది పిన్ని. "లేచావుగా."